నెలతక్కువ బిడ్డల నోరు, పండ్లు – శ్వాసగొట్టము విడిచిన గుర్తులు



నెలలు నిండకముందే కాన్పు వచ్చినప్పుడు తెలుగు పల్లెలలో పెద్దలు చెప్పు మాట యొకటి కలదు. ఏడవ నెల బిడ్డ దక్కును గాని ఎనిమిదవ నెల బిడ్డ దక్కదని ఆ మాట. ఇది నిజము కాదు. గర్భమున గడిచిన ప్రతి వారమును బిడ్డకు బలమే. ఎనిమిదవ నెలలో పుట్టిన బిడ్డకే బ్రతుకుటకు అవకాశము హెచ్చు. ఐనను ఆ మాట ఊరక పుట్టలేదు. నెలతక్కువ బిడ్డ బ్రతికిన ఇల్లు అరుదుగను, తొట్టెలు వట్టివైన ఇండ్లు విరివిగను ఉన్న కాలములో, దుఃఖమునకు కారణము వెదకుకొన్న మనుష్యులు కల్పించుకొన్న లెక్క యది.

ఆ లెక్క ఈనాడు తారుమారైనది. నలువది వారములకు నిండవలసిన గర్భము ముప్పదియేడు వారములు నిండకముందే ప్రసవమైనచో ఆ బిడ్డను నెలలు నిండని శిశువందురు. ప్రపంచ ఆరోగ్య సంస్థ ప్రకటించిన అంచనా ప్రకారము 2020లో ప్రపంచమంతట అట్టి శిశువులు 1 కోటి 34 లక్షల మంది పుట్టిరి. వారిలో 30 లక్షల మంది భారతదేశమున పుట్టినవారే. హైదరాబాదున 1953లో ప్రారంభమైన నీలోఫర్ ఆసుపత్రి వంటి పెద్ద వైద్యాలయములే గాక, జిల్లా ఆసుపత్రులలోను నవజాత శిశువులకై ప్రత్యేక సంరక్షణ విభాగములు వెలసినవి. కిలో బరువు మాత్రమే గల బిడ్డలు అనేకులు వారముల తరబడి అచ్చట పెరిగి, తల్లి చేతులలో ఇల్లు చేరుచున్నారు.

ఇల్లు చేరిన కొన్ని నెలలకు కొందరు తల్లుల కంటికి ఒక వింత కనబడును. బిడ్డ ఏడ్చునప్పుడు నోటిలోనికి చూడగా, అంగిలి నడుమ వ్రేలితో గీసినట్లు లోతైన కాలువ యుండును. ఏడాది దాటినమీదట మొలచిన పై పంటిపై గోధుమరంగు గుంట యుండును. లేదా ఆ పన్ను సగమే యున్నట్లు తోచును. అంతట ఇరుగుపొరుగువారు మొదలిడుదురు. కడుపుతో నున్నప్పుడు గ్రహణము చూచెననియు, గ్రహణవేళ కత్తిపీట ముట్టెననియు, నోరు కట్టుకొనలేదనియు నిందలు పుట్టును. చావు నోటినుండి బిడ్డను దక్కించుకొన్న బాలింత ఆ నిందను తలవంచి మోయును. ఆ గుర్తులు ఎక్కడనుండి వచ్చినవో తెలిసినచో ఆ నింద నిలువదు. తెలియజేయుటయే ఈ ప్రసంగమునకు ప్రయోజనము.

మొదట గొట్టము ఎందులకో తెలిసికొనవలెను. ఊపిరితిత్తులలో గాలి నిండు సూక్ష్మమైన గదులు అసంఖ్యాకములుగా నున్నవి. వాని లోపలి గోడలు తడిగా నుండును. రెండు తడి గాజుపలకలను ఒకదానిపై నొకటి ఉంచినచో ఊడదీయుట ఎంత కష్టమో, ఊపిరి వదలినప్పుడు అంటుకొనిపోయిన ఆ గదులను మరల తెరచుటయు అంత కష్టము. ఆ అంటు పట్టకుండ చేయుటకై ప్రకృతి యొక పలుచని పొరను ఏర్పరచినది. దానికి సర్ఫాక్టెంటు అని పేరు. గర్భములో సుమారు ముప్పదినాలుగు, ముప్పదియైదు వారములు వచ్చువరకు అది బిడ్డలో చాలినంత తయారుకాదు. నెలతక్కువ బిడ్డల ఊపిరి ఆగుటకు ఈ పొర లేకుండుటయే మూలమని 1959లో అమెరికాలో మేరీ ఎలెన్ ఏవరీ, జెరె మీడ్ అను ఇరువురు పరిశోధకులు తేల్చిరి.

కారణము తెలిసినంతమాత్రమున చికిత్స చేతికి రాలేదు. 1963 ఆగస్టు 7వ తేదీన అమెరికా అధ్యక్షుడు జాన్ కెనెడీకి పాట్రిక్ అను కుమారుడు ఐదున్నర వారములు ముందుగా పుట్టెను. బరువు రెండు కిలోలకు పైగానే యుండెను. ఐనను రెండు దినములు నిండకమునుపే, ఆగస్టు 9వ తేదీన, ఊపిరి అందక మరణించెను. అంతటి దేశాధినేత బిడ్డకును ఆనాడు ఉపాయము లేకపోయెను. అటుపిమ్మట ఒక్కొక్కటిగా ఉపాయములు వచ్చెను. 1971లో శాన్ ఫ్రాన్సిస్కోలో జార్జి గ్రెగరీయు ఆయన సహచరులును, ఎడతెగని ఒత్తిడితో గాలినిచ్చి ఊపిరితిత్తులు ముడుచుకొనకుండ కాపాడు పద్ధతిని ప్రకటించిరి. 1972లో న్యూజీలాండునందు లిగ్గిన్స్, హోవీ అను వైద్యులు, ముందుగా కాన్పు కానున్న తల్లికి స్టెరాయిడు సూదిమందు నిచ్చినచో బిడ్డ ఊపిరితిత్తులు త్వరగా పక్వమగునని చూపిరి. 1980లో జపానునందు ఫుజివారా బృందమువారు సర్ఫాక్టెంటునే మందుగా బిడ్డ ఊపిరితిత్తులలోనికి పంపి ఫలము చూచిరి. ఈ మందు చేరుటకును, వెంటిలేటరు గాలి చేరుటకును మార్గమైనది శ్వాసనాళములో నుంచు సన్నని గొట్టము.

ఈ గొట్టము మెత్తని ప్లాస్టిక్కుతో చేసినది. కిలోకు తక్కువైన బిడ్డకు వాడు గొట్టపు లోపలి వెడల్పు రెండున్నర మిల్లీమీటర్లు మాత్రమే. నోటినుండి గాని, ముక్కునుండి గాని దీనిని స్వరపేటిక దాటించి శ్వాసనాళములోనికి పంపుదురు. పంపునప్పుడు దారి కనబడుటకై లారింగోస్కోపు అను, చిన్న దీపము గల లోహపు పలకను వైద్యుడు ఎడమచేత పట్టి బిడ్డ నోటిలో నుంచి నాలుకను ఎత్తును. చుట్టకుదురంత తల, వ్రేలు దూరని నోరు, క్షణములలో నీలివర్ణము పొందు దేహము. ఇట్టి సమయమున చేయు పని యిది. పై చిగురునకు పలక తగులకుండ ఎత్తుట నేర్పరులకే సాధ్యము, వారికిని అన్నివేళల సాధ్యము కాదు. పిదప గొట్టమును పెదవివద్ద అంటుపట్టీతో నిలిపి యుంచుదురు. అది కొందరికి గంటలు, కొందరికి దినములు, మరికొందరికి వారములు ఉండవలసివచ్చును.

ఇప్పుడు అంగిలి సంగతి చూతము. గర్భమున అంగిలి రెండు వైపులనుండి పెరిగి సుమారు పండ్రెండు వారములకు నడుమ కలిసికొనును. పుట్టుకతో వచ్చు అంగిలి చీలిక ఆ కలయిక జరుగనందున ఏర్పడునది. దానికిని గ్రహణమునకును సంబంధము లేదు. శ్వాసగొట్టపు కాలువ చీలిక కాదు. కలిసి నిలిచిన అంగిలిమీదనే తరువాత పడిన గుంట యది. పసిబిడ్డ అంగిలికి ఇరుప్రక్కల మెత్తని గట్లు ఉండుట సహజము. బిడ్డ పాలు చప్పరించినప్పుడెల్ల నాలుక పైకి లేచి అంగిలిని ఒత్తుచుండును. కుమ్మరి చేయి పచ్చికుండను సారెపై సవరించునట్లు, ఆ ఒత్తిడియే గట్లను అణచి అంగిలిని వెడల్పుగా తీర్చును. నోట గొట్టమున్న బిడ్డకు ఈ సవరింపు లేకుండపోవును. గొట్టము అంగిలి నడుమ ఆనుకొని యుండును; నాలుక దాని క్రింద అణగియుండును; ఇరుప్రక్కల గట్లు మాత్రము పెరుగుచుండును. అందుచేత నడుమ కాలువయు, ఎత్తైన ఇరుకు అంగిలియు ఏర్పడును. గొట్టమున్న కాలము పెరిగినకొలది ఇది ఏర్పడుటకు అవకాశము పెరుగును.

ఐతే సమస్తమును గొట్టముమీదనే మోపుట న్యాయము కాదు. గొట్టము పెట్టని నెలతక్కువ బిడ్డలలోను ఇరుకు అంగిలి కనబడుచున్నది. వారి కపాలపు ఎముకలు మిక్కిలి మెత్తనివి. వారముల తరబడి ప్రక్కకు తిప్పి పరుండబెట్టినందున తల ఇరుప్రక్కల అణగి పొడవగును. దానితోపాటు అంగిలియు ఇరుకగును. చప్పరించు బలము లేకుండుటయు ఒక కారణము. పెక్కుమందిలో బిడ్డ పెరుగుచు నోట తినుట, మాటాడుట సాగినకొలది కాలువ లోతు తగ్గిపోవును. కొందరిలో మాత్రము అంగిలి ఇరుకు నిలిచి, పై పండ్లు క్రింది పండ్లకు లోపలిగా పడి, పలువరుస ఎదురుకాటు పట్టును. కాలువ లోతుగా నున్నంతకాలము చనుమొన సరిగా పట్టుబడక బిడ్డ త్వరగా అలయును. పాలు కాలువలో నిలిచి పాచిపట్టును. మాటలు వచ్చు వయసున కొన్ని అక్షరములు తేటగా పలుకకుండుటయు కలదు.

ఇక పండ్ల సంగతి. పుట్టిన బిడ్డ నోరు బోసిగా కనబడును గాని, ఇరువది పాలపండ్లును ఆనాటికే చిగుళ్ళక్రింద తయారగుచుండును. పంటిపై తెల్లని గట్టిపొర, అనగా ఎనామెల్, గర్భమున నాల్గవ నెలనుండియే ముందు పండ్లపై ఏర్పడ నారంభించి, బిడ్డ పుట్టిన కొద్ది నెలలకు ఆ పండ్లపై పూర్తియగును. దీనిని నిర్మించు కణములు పని ముగియగనే అంతరించును. చర్మము తెగినచో అతుకుకొనును, ఎముక విరిగినచో కలిసికొనును. ఎనామెల్ మాత్రము ఒకమారు లోపించినచో దేహము దానిని మరల నిర్మింపజాలదు. ఆ దినములలో తగిలిన దెబ్బ పంటిమీద వ్రాతవలె నిలిచిపోవును.

నెలతక్కువ బిడ్డకు ఈ దెబ్బ రెండు దారుల వచ్చును. మొదటిది దేహమంతటికిని సంబంధించినది. ఎముకలకు, పండ్లకు కావలసిన సున్నము, భాస్వరములలో అధికభాగము గర్భపు చివరి మూడు నెలలలోనే తల్లినుండి బిడ్డకు చేరును. ఆ నెలలు దక్కని బిడ్డకు ఆ నిలువ లోపించును. దానికితోడు ఊపిరి అందక పడిన బాధ, సోకిన రోగములు ఎనామెల్ కణములను కుంటుపరచును. రెండవది స్థానికమైనది. లారింగోస్కోపు పలకయో, గొట్టమో పై చిగురును ఒత్తినప్పుడు ఆ అడుగున పచ్చిగా నున్న పంటిమొగ్గ నలుగును. ఎనామెల్ పలుచబడవచ్చును, గుంట పడవచ్చును. అరుదుగా పన్నే వంకరగా పెరుగవచ్చును.

ఈ రెంటిని వేరుపరచి గుర్తించుటకు ఒక మార్గము కలదు. దేహమంతటి లోపమైనచో మచ్చ కుడియెడమల జంటపండ్లపై ఒకే ఎత్తున, సమముగా కనబడును. ఒత్తిడివలన కలిగినదైనచో పై ముందు పండ్లలో ఒకటి రెంటికే పరిమితమై యుండును. ఆస్ట్రేలియాలోని బ్రిస్బేన్ నగరమున కిమ్ సియోయు ఆమె సహచరులును గొట్టము పెట్టబడిన బిడ్డల పాలపండ్లను పరిశీలించి 1984లో ప్రకటించిన వ్యాసమున, ఈ లోపములు పై దవడ ఎడమప్రక్కన హెచ్చుగా నున్నట్లు చూపిరి. పలకను ఎడమచేత పట్టి నాలుకను ఎడమకు త్రోయుట వైద్యుల పద్ధతి గావున, ఆ ప్రక్క చిగురుపై ఒత్తిడి హెచ్చు. ఎక్కడో ఆకాశమున పట్టిన గ్రహణము ఎడమ పంటిని మాత్రమే ఏరి పట్టదు గదా! పంటిమీది మచ్చ తన కథను తానే చెప్పుచున్నది. ఆ కథలో తల్లి దోషము లేదు. ఊపిరి పోవుచున్న క్షణమున గొట్టమువేసిన వైద్యుని దోషమును లేదు.

పండ్లు ఆలస్యముగా వచ్చుటయు పలువురను కలవరపెట్టును. ఇక్కడ లెక్క సరిచేసికొనవలెను. ఇరువదియెనిమిది వారములకు పుట్టిన బిడ్డ పండ్రెండు వారములు, అనగా దాదాపు మూడు నెలలు, ముందుగా వచ్చినాడు. వాని వయసును పుట్టిననాటినుండి గాక, పుట్టవలసిననాటినుండి లెక్కించవలెను. ఆరవ నెలలో రావలసిన పన్ను వానికి తొమ్మిదవ నెలలో వచ్చినను అది ఆలస్యము కాదు. ఇంకొక పొరపాటు నివారింపవలెను. ఈ బిడ్డలకు రక్తము పట్టుటకై ఇనుపధాతువు చుక్కలమందు ఇత్తురు. దానివలన పంటిపై నల్లని మరక పట్టవచ్చును. అది పైపూత మాత్రమే, దంతవైద్యుడు తుడిచివేయగలడు. అట్లే నల్లగొండ, ప్రకాశము జిల్లాలలోని ఫ్లోరైడు నీటి గ్రామములలో పిల్లల పండ్లపై కనబడు చారలు వేరు; అవి ముఖ్యముగా ఆరేండ్లు దాటి వచ్చు శాశ్వత దంతములపై, పలు పండ్లమీద నొక్కసారిగా కనబడును.

పాలపండ్లే గదా, ఊడిపోవునవే గదా యని తీసివేయు అలవాటు పల్లెలలోనే గాక పట్టణములలోను కలదు. ముందు పండ్లు ఆరేడేండ్లకు ఊడుట నిజమే. వెనుకటి పాలపండ్లు పది పండ్రెండేండ్ల వరకు నిలువవలసినవి. ఎనామెల్ పలుచనైన పంటికి పుచ్చు త్వరగా పట్టును. పుచ్చిన పన్ను నొప్పిపెట్టినచో బిడ్డ నమలదు. అసలే బరువు తక్కువైన బిడ్డ తిండి మానినచో పెరుగుదల కుంటుపడును. పన్ను ముందుగా పోయినచో వెనుకనుండి వచ్చు శాశ్వత దంతమునకు చోటు చెడును. కిలో బరువునుండి ఎంతో శ్రమపడి పెంచుకొన్న బిడ్డను పుచ్చుపంటికి అప్పగించుట తగదు.

ఆసుపత్రులలో ఈ హాని తగ్గించు ప్రయత్నములు సాగుచున్నవి. వీలైనచోట గొట్టము వేయక, ముక్కువద్దనే ఒత్తిడి గాలినిత్తురు. సర్ఫాక్టెంటును అంతకంటె సన్నని గొట్టముద్వారా ఇచ్చి వెంటనే తీసివేయు పద్ధతియు వ్యాపించుచున్నది. గొట్టము వేసినను దానిని వీలైనంత త్వరగా తొలగింతురు. ముక్కునుండి వేసినచో అంగిలికి ఒత్తిడి తప్పును గాని ముక్కు రంధ్రములకును నడిమి గోడకును పుండ్లు పడు భయము కలదు. గావున ఏ మార్గమును పూర్తిగా నిరపాయకరము కాదు. కొన్నిచోట్ల అంగిలికి ఆనునట్లు మెత్తని పలకను అమర్చి గొట్టపు ఒత్తిడిని పంచుదురు. కొలంబియా దేశపు బొగోటా నగరమున 1978లో ఎడ్గార్ రే అను వైద్యుడు ఆరంభించిన పద్ధతి, బిడ్డను తల్లి రొమ్ముపై చర్మమునకు చర్మము ఆనించి కట్టుకొనుట, ఈనాడు అంతట ఆచరణలో నున్నది. దానివలన వెచ్చదనమే గాక, బిడ్డ రొమ్ము చప్పరించుటకు త్వరగా అలవాటుపడును. నాలుక అంగిలిని తీర్చు పని అప్పుడు తిరిగి మొదలగును.

ఇంటివారు చేయవలసినది కష్టమైనది కాదు. వైద్యుడు చెప్పినంతకాలము ఉగ్గుగిన్నెతో తల్లిపాలు పట్టి, బలము వచ్చినకొలది రొమ్ము పట్టించవలెను. పాలు త్రాగిన పిమ్మట శుభ్రమైన తడిగుడ్డను వ్రేలికి చుట్టి చిగుళ్ళను, అంగిలి కాలువను మెల్లగా తుడువవలెను. తేనె నాకించుట, పాలపీకను చక్కెరలో ముంచుట, పాలసీసా నోటనుంచి నిద్రపుచ్చుట పూర్తిగా మానవలెను. తీపి కలిసిన మందు పట్టిన తరువాత నోరు తుడువవలెను. మొదటి పన్ను కనబడిన దినమునుండి మెత్తని బ్రష్షుతో, బియ్యపుగింజంత ఫ్లోరైడు పేస్టుతో, రోజునకు రెండుమారులు తోమవలెను. ఫ్లోరైడు నీరుగల గ్రామములవారు పేస్టు సంగతి దంతవైద్యుని అడిగి వాడుట మేలు. ఏడాది నిండులోపల బిడ్డను ఒకమారు దంతవైద్యునికి చూపవలెను. మచ్చ చిన్నదిగా నున్నప్పుడే ఫ్లోరైడు పూత పూయుటయో, పూడ్చుటయో సులభము. 2013లో ఆరంభమైన రాష్ట్రీయ బాల స్వాస్థ్య కార్యక్రమము క్రింద అంగన్‌వాడీలకు, పాఠశాలలకు వచ్చు వైద్యబృందములు పిల్లల పండ్లనుకూడ పరీక్షింపవలసియున్నది. ఆ దినమున నెలతక్కువగా పుట్టిన బిడ్డను తప్పక ముందుకు తేవలెను.

అన్నిటికంటె ముఖ్యమైనది ఒక కాగితము. ఆసుపత్రినుండి బిడ్డను పంపునప్పుడు ఇచ్చు చీటీలో ఎన్ని వారములకు పుట్టినది, ఎంత బరువు, శ్వాసగొట్టము ఎన్ని దినములున్నది వ్రాసియుండును. చాల ఇండ్లలో అది దూలమున చెక్కబడియో, పెట్టె అడుగున పడియో చినిగిపోవును. ఏడాదికో రెండేండ్లకో దంతవైద్యుని ముందు కూర్చున్నప్పుడు ఆ చీటీ యున్నచో మచ్చకు కారణము వెదుకనక్కరలేదు. ఏ పంటిని ముందుగా కాపాడవలెనో తెలియును. అది ఆంగ్లమున నుండుటచే ఇంటివారు చదువలేకపోవచ్చును. ఇరువదియైదేండ్లుగా వార్తాపత్రికలు, ఉత్తరములు, దరఖాస్తులు చదివి వినిపించిన గ్రంథాలయమునకు ఆ చీటీ చదివి చెప్పుట కొత్త పని కాదు. చదువు వచ్చిన యువకులు ఇరుగుపొరుగు బాలింతకు ఆ నాలుగు పంక్తులు తెనుగున వివరించి, ఆ కాగితము భద్రపరచుమని చెప్పవలెను. ఆ వివరించినవారు ఆమె అత్తగారు, ఆడుబిడ్డలు వినునట్లుగా మరియొక మాటయు చెప్పినచో మేలు: ఈ అంగిలి కాలువ గ్రహణము పట్టి వచ్చినది కాదు, బిడ్డకు ఊపిరి పోసిన దారి యది.